మా ఆర్ట్స్ కాలేజీ: రెండేండ్లు మెట్ల మీద కూసున్నదాని రివ్యూ

మా చిన్నమ్మ బిడ్డకు ఈసారి పీజీ సీట్ల ఎంట్రెన్స్ సీపీగెట్‌ల మంచి ర్యాంకు వచ్చింది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీల ఎం.ఏ. ఎకనామిక్స్ సీటు. సంబరం ఒక్క పూటే ఉన్నది, ఆ రాత్రి నుంచి ఫోన్లు మొదలు. “అక్కా, ఆడ వైఫై ఉంటదా? క్యాంటీన్ మంచిగుంటదా? ఫోటోలల్ల చూస్తే కోట లెక్క ఉన్నది, లోపల ఏముంటది? నువ్వు రెండేండ్లు ఉన్నవు గదా, స్టార్లు ఇయ్యమంటే ఎన్ని ఇస్తవు?”

ఫోన్ల ఒడిసే ముచ్చట కాదని ఇక్కడ రాస్తున్న. అదే సందేహం ఉన్నోళ్లు ఇంకెవరన్న ఉంటే చదువుకోండ్రి.

ముందుగాల నా లెక్క ఏందో చెప్పాలె, లేకుంటే నా స్టార్లకు అర్థం ఉండది. మాది నకిరేకల్ దిక్కు ఒక పల్లె. రెండు అర్రల ఇల్లు, ఆరుగురం మనుషులం, ఒక్కటే ట్యూబ్‌లైట్. డిగ్రీ దాక నేను చదివింది వంటింటి గడప మీద. అమ్మ లోపలికి పోతే కాళ్లు ముడుచుకోవాలె, నాయిన బయటికొస్తే పుస్తకం జరుపుకోవాలె. అసొంటిదాన్ని 2016ల ఎం.ఏ. చరిత్రల చేరిన. కాలేజీ మంచిదా చెడ్డదా అని నేను కొలిచేది ఒక్కటే కొలత: మనిషి కూసునేతందుకు జాగ ఉన్నదా, కూసున్నోళ్లను ఎవరన్న లేపుతరా?

ఇగ వైఫై గురించి నన్ను అడిగి లాభం లేదు. నేను చేరిన ఏడే జియో సిమ్ములు వచ్చినయ్. క్లాసు మొత్తం ఫ్రీ డేటా మీద బతికింది.

నేను ఈ బిల్డింగును మొదలు చూసింది టీవీల. 2009ల నేను తొమ్మిదో తరగతి. తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉన్న ఆ చలికాలం ఏ ఛానల్ పెట్టినా ఇదే కమాను, ఇవే మెట్లు, మెట్ల నిండ పోరగాళ్లు. మా ఊర్ల ఆర్ట్స్ కాలేజీ అంటే ధర్నా జరిగే జాగ అనుకునేటోళ్లు. లోపల క్లాసులు కూడ అయితయని మా నాయినకు నేను చేరినంకనే తెలిసింది. అసలు బోర్డు మీది పేరు యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సోషల్ సైన్సెస్. ఆ పేరు చెప్పి ఆటో ఎక్కకు చెల్లె, డ్రైవర్ నీ మొఖం చూస్తడు. “ఆర్ట్స్ కాలేజీ” అంటే చాలు.

కోట లెక్క ఉన్నదంటివి. కోటకు గేటు ముంగట సిపాయి ఉంటడు, దీనికి మెట్లున్నయ్. ముంగట ల్యాండ్‌స్కేప్ గార్డెన్, దాన్ని దాటి ఎదురుంగ గులాబి రంగు రాతి గోడ, నడిమిట్ల ఆకాశం దాక లేచిన కమాను. రంగు గూడ పొద్దుకొక తీరు. పొద్దుగాల బూడిద లెక్క, మాపటీలి ఎండకు కాల్చిన ఇటుక లెక్క, వాన పడ్డంక ఉడికిన కందగడ్డ పొట్టు లెక్క.

చేరిన రెండో వారం అనుకుంట, ఒక సారు మమ్ముల క్లాసుల నుంచి బయటికి తోల్కపోయి గడ్డిల నిలబెట్టిండు. “పాఠం పుస్తకంల లేదు, తలకాయ ఎత్తుండ్రి” అన్నడు. కింద స్తంభాలు చూడుండ్రి, అజంతా ఎల్లోరా గుహలల్ల స్తంభాల వరుస. పైకి పొయ్యేకొద్ది కమానులు, అది ముస్లిం రాజుల కట్టడాల పద్ధతి. రెండింటిని ఒక్క గోడల కూర్చిన్రు, కుట్టు కనబడకుండ. నిజాం సర్కారు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అని ఇద్దరిని దేశాల మీదికి పంపింది, ఏడ యూనివర్సిటీలు ఎట్ల కట్టిన్రో చూసి రమ్మని. ఈజిప్టుల, కైరో పక్కన హీలియోపొలిస్‌ల పెద్ద పెద్ద కట్టడాలు కట్టిన బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌కు నమూనా పని అప్పజెప్పిన్రు. 1934 జులై 5న పునాదిరాయి, 1939 డిసెంబర్ 4న ప్రారంభం.

నాకు వీటన్నిటికంటె గమ్మతి అనిపిచ్చింది వేరే. యూనివర్సిటీ పెట్టింది 1918ల. అంటే సొంతంగ ఇసొంటి బిల్డింగు కాకముందు ఇరవై ఏండ్లు ఇది కూడ నా లెక్కనే సర్దుకొని బతికింది. నిజాం కాలేజీ పక్కపొంట, గన్‌ఫౌండ్రీ దిక్కు బంగ్లాలల్ల క్లాసులు. ఆ తర్వాత అడిక్‌మెట్ జాగ చూసిన్రు. నగరాలు ఎట్ల కట్టాల్నో చెప్పే స్కాట్లాండ్ పండితుడు ప్యాట్రిక్ గెడ్డెస్ ఈ జాగ మంచిదన్నడు. ఆ అడిక్‌మెట్ ఒకప్పుడు మహలఖా బాయి జాగీరు. ఉర్దూల కవిత్వం రాసి, దివాను, అంటే కవితల సంపుటి, అచ్చయిన మొదటి ఆడమనిషని పేరున్న మహలఖా. ఆమె మెట్లబావి ఇప్పటికీ పక్కనున్న ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ క్యాంపస్‌ల ఉన్నది. ఒక ఆడమనిషి జాగల నేను కూసున్ననని అనుకుంటే అప్పట్ల ఎందుకో ధైర్యం అనిపిచ్చేది. ఎందుకో నన్ను అడగకు, అనిపిచ్చేది అంతే.

ఇగ రాయి సంగతి. దీని గురించి మాట్లాడే హక్కు నాకంటె మా తాతకే ఎక్కువ.

మా అమ్మ నాయిన, అంటే మా తాత, బండలు కొట్టిన మనిషి. బావుల కాడ, కల్వర్టుల కాడ, సిమెంటు రాకముందు ఇండ్ల పునాదుల కాడ ఆయన ఉలి మోగింది. 2018 ఫిబ్రవరిల కంటి పొర తీపిచ్చుకునేతందుకు పట్నం వచ్చిండు. ఆపరేషన్ అయిన నాలుగో దినం, ఒక కన్నుకు ఆకుపచ్చ గుడ్డ కట్టుకొని ఉన్నడు, “నీ బడి జూపియ్యి బిడ్డా” అని ఒక్కటే పోరు. తోల్కపోయిన.

అందరు ఆ కమాను కాడ నిలబడి పైకి చూస్తరు. తాత పైకి చూడనే లేదు. ఒక కన్ను కట్టేసి ఉండె, రెండోది ఎండకు మూతలు పడుతుండె. పక్క గోడ కాడికి పోయి అరిచెయ్యి ఆనిచ్చి నిలబడ్డడు, బర్రె కడుపుల దూడ కదులుతున్నదా అని చూసినట్టు. ఇగ చెయ్యి అట్లనే పెట్టి నడిచిండు. రెండు బండలు కలిసిన కాడ ఆగి బొటనవేలి గోరు పెట్టిండు. గోరు దిగలే. ఇంకో కాడ పెట్టిండు. దిగలే. మొఖంల చిన్న నవ్వు.

“కూర్పు చూడు. సున్నం నమ్ముకొని కట్టింది గాదిది. బండ మీద బండ దాని బరువుకదే కూసున్నది” అన్నడు.

ఇంకొంచెం పోయినంక నా చెయ్యి పట్టుకొని గోడ మీద ఆనిచ్చిండు. “గీడ ఉలి గుర్తులు ఎటు పండినయ్?” అని అడిగిండు. నాకు గరుకుగ తగిలింది, అంతే. “కుడి నుంచి ఎడమకు పండినయ్ గదా పిచ్చిదాన. అటు బండ చూడు, ఎడమ నుంచి కుడికి. అది కొట్టినోడు ఎడమచేతి వాటం మనిషి. ఇద్దరు పక్కపక్కన కూసొని కొట్టి ఉంటరు, ఒకని పొట్టు ఒకని కండ్లల్ల వడకుంట.”

ఏడాదిన్నరగ రోజు ఆ గోడ పక్కన కూసున్న నేను. చరిత్ర ఎం.ఏ. ఆ గుర్తులు ఏనాడు చూడలే.

ఆయనకు చాయ్ తాపిచ్చిన. మెట్ల మీద కూసొని తాగిండు. “ఎట్లుంది తాతా?” అంటే చాయ్ గురించి అనుకున్నడో బిల్డింగు గురించి అనుకున్నడో, “చక్కెర ఎక్కువైంది, మిగిలిందంత మంచిగనే ఉన్నది” అన్నడు. రాయికి ఇంతకంటె మంచి రివ్యూ నేను రాయలేను.

నా దిక్కునుంచి ఒక్కటి కలుపుత. ఏప్రిల్, మే నెలలల్ల సాయంత్రం ఆరున్నరకు గూడ మెట్లు వెచ్చగనే ఉంటయ్. పగలంత తాగిన ఎండను రాయి తొందరగ విడువది. కింద నోట్‌బుక్ వేసుకొని కూసో. డిసెంబర్ల పొద్దుగాల ఉల్టా, చున్నీ మడతపెట్టి వేసుకోవాలె.

లోపల్కి పోతే నడిమి హాలు. ఎత్తు ఎంతంటే ఇద్దరు గుసగుస పెడితే ఆ గుసగుస పైకి పోయి తిరిగొస్తది. మా దోస్తు, పాలమూరు పిల్ల, ఒకపారి అక్కడ నిలబడి ఇంటర్నల్ మార్కుల ముచ్చట మెల్లగ చెప్పింది. మూలకు నిలబడ్డ సీనియర్ అన్న “పదహారా? మంచిగనే వచ్చినయ్ కదమ్మా” అన్నడు. అప్పటిసంది రహస్యాలన్ని బయట చెట్ల కిందనే.

వరండాలు పొడుగు. మందపు గోడలు, ఎత్తు కప్పు. బయట మండుతున్నా ఎండల నుంచి లోపల్కి అడుగు పెడితే మట్టి కుండ పక్కకు వచ్చినట్టుంటది. క్లాసు గదులు గూడ అట్లనే ఎత్తు. ఒక సలహా, ముందు మూడు బల్లలల్ల కూసో. నేను మొదటి సెమిస్టర్ అంత సిగ్గుతోని వెనుక బల్లకు పోయి, సారు చెప్పేదాంట్ల సగం ఊహించుకొని రాసుకున్న. అది నా తెలివితక్కువతనం. రెండో సెమిస్టర్ ముందుకొచ్చిన, మార్కులు గూడ ముందుకొచ్చినయ్.

చదువు సంగతి. ఇక్కడ వెంటపడి చదివిపిచ్చెటోళ్లు ఉండరు. ఇంటర్ల కార్పొరేట్ కాలేజీల పొద్దున ఐదింటికి లేపి స్టడీ అవర్‌ల కూసోబెట్టినట్టు కావాల్నంటే ఇది నీ జాగ కాదు. సారు ఒక గంట చెప్పి నాలుగు పుస్తకాల పేర్లు బోర్డు మీద రాసి పోతడు. మిగిలిన పొద్దంత నీదే. ఆ పొద్దు ఏం చేసుకుంటవు అన్నదాన్ని బట్టి నీ ఎం.ఏ. ఉంటది. నాతోని చేరినోళ్లల్ల ఆ ఖాళీల పడి కొట్టుకపోయినోళ్లున్నరు, ఆ ఖాళీలనే తేలినోళ్లున్నరు.

ఆ పొద్దు గడిపేతందుకు లైబ్రరీ. యూనివర్సిటీ మెయిన్ లైబ్రరీ ఆర్ట్స్ కాలేజీ నుంచి నడిచిపోయే దూరమే. తాళపత్రాలు, చేతిరాత ప్రతులు గూడ ఉన్నయక్కడ. కాని సగం మంది పొయ్యేది తాళపత్రాలకు కాదు, కుర్చీకి. గ్రూప్స్‌కు, ఎస్సైకి, నెట్‌కు ప్రిపేర్ అయ్యేటోళ్లు పొద్దుగాల్నే వచ్చి పుస్తకం పెట్టి సీటు ఆపుకుంటరు. ఆర్టీసీ బస్సుల కిటికీలకెళ్లి దస్తీ వేసి సీటు ఆపుకుంటరు చూడు, అదే పద్ధతి. నేను గూడ నేర్చుకున్న. నా నీలి దస్తీ ఒక మూల కుర్చీ మీద రెండేండ్లు డ్యూటీ చేసింది. ఒకపారి మతిమరుపుతోని దాన్ని కుర్చీ మీదనే వదిలి ఊరికి పోయిన. నాలుగు దినాలకు వచ్చి చూస్తే దస్తీ మడతపెట్టి కిటికీల పెట్టి ఉన్నది, కుర్చీల వేరే అక్క. “నీదేనా చెల్లె? రా, కూసో, నేను ఎట్లైనా చాయ్‌కు పోతున్న” అన్నది. లోపల కుర్చీ దొరకకుంటే బయట చెట్ల కింద చదివెటోళ్లు గూడ మస్తు మంది. చింతకాయ తినుకుంట రాజ్యాంగం బట్టీ పట్టిన గుంపు మాది.

లైబ్రరీల నా చేతికి వచ్చిన ఒక పుస్తకం గురించి చెప్పాలె. ఉర్దూల ఉన్నది, నాకు ఒక్క ముక్క రాదు. పటాలు చూస్తే భౌతికశాస్త్రం. పక్క టేబుల్ కాడ ముసలి సారు ఒకాయన చదివి చెప్పిండు. దేశంల మనోళ్ల భాషను పై చదువులకు మాధ్యమంగ పెట్టిన మొదటి యూనివర్సిటీ ఇది. ఆ పనికోసమే 1917ల దారుల్ తర్జుమా అని అనువాదాల దుకాణం తెరిచి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, వైద్యం, చట్టం, అన్నీ ఉర్దూలకు తెచ్చిన్రు. లేని మాటలు కొత్తగ పుట్టిచ్చిన్రు. 1948ల నిజాం రాజ్యం పోయినంక ఇంగ్లీషు మాధ్యమం అయ్యింది. తెలుగు మాట్లాడే ఇంటి పిల్లలు అప్పుడు ఉర్దూల రసాయనశాస్త్రం చదివిన్రు, మేము ఇంగ్లీషుల చరిత్ర చదివినం. ఎవరి భాష వాళ్లకు ఎప్పుడు ఎదురు రాలేదన్న మాట. మా ఇంట్ల భూమి కాగితాలు, పాత ఖాస్రా పహాణి, ఉర్దూలనే ఉన్నది. దాన్ని చదివిపిచ్చుకునేతందుకు మా నాయిన తహసీల్ ఆఫీసు చుట్టు తిరిగిన దినాలు యాదికొచ్చినయ్. నా ప్రాజెక్టు దాని మీదనే చేసిన. ఆ ముసలి సారు దగ్గర ఉర్దూ అక్షరాలు గూడ మూడు నెలలు దిద్దిన.

తెలుగు డిపార్టుమెంటు గురించి రెండు ముక్కలు, నేను చరిత్రదాన్నైనా. రాయప్రోలు సుబ్బారావు అక్కడ తెలుగు చెప్పిండు. సి. నారాయణరెడ్డి అక్కడ చదివి అక్కడనే పాఠం చెప్పిండు. మన ఊర్లల్ల పాడుకునే జానపద పాటల మీద బిరుదురాజు రామరాజు పరిశోధన చేసింది గూడ ఈ యూనివర్సిటీలనే. నాట్లేసుకుంట మా అమ్మమ్మ పాడిన పాటసొంటిదానికి పీహెచ్‌డీ ఇచ్చిన్రు అని తెలిసిన దినం ఇంటికి ఫోన్ చేసి చెప్పిన. “పాటలకు గూడ సర్టిఫికేట్ ఇస్తరా?” అన్నది అమ్మ.

తిండి. మా కాలంల క్యాంపస్ల చాయ్, ఉప్మా, మిర్చి, సమోసా. ఎక్కువ ఆశ పెట్టుకోకు, తక్కువ అనుకోకు. పగటీలి మా గుంపు ఎప్పుడు సద్దే. ఐదుగురం గడ్డిల గుండ్రంగ కూసొని డబ్బలు విప్పుకునేటోళ్లం. పాలమూరు పిల్ల జొన్నరొట్టె, ఓరుగల్లు పిల్ల సర్వపిండి, నాది పచ్చిపులుసు అన్నం. నెమళ్లు వస్తయ్, నిజం. దగ్గరికి రావు, దూరంనుంచి చూసి పొద్దుమూకి అరుస్తయ్. కొత్తల ఆ అరుపుకు పిల్లి అనుకొని లేచి వెతికిన.

హాస్టల్. చెల్లె, ఈ పేరా రెండుసార్లు చదువు. క్యాంపస్ లేడీస్ హాస్టల్‌కు దరఖాస్తు గడువు నేను దాటబెట్టిన. తప్పు నాది, కులం సర్టిఫికెట్ ఇంటికాడ మర్చిపోయి వచ్చిన, తెప్పిచ్చుకునే లోపల తారీఖు పోయింది. అప్పుడు తార్నాక దిక్కు ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్ల పడ్డ. పేరు రాయను. నలుగురికి ఒక గది అని చెప్పి ఆరు మంచాలు వేసింది ఆంటీ. నడువాల్నంటే మంచాల మీదికెళ్లే నడువాలె. రాత్రి పదింటికి మెయిన్ స్విచ్చు బంద్. పప్పుచారు ఎట్లుంటదంటే ఎవరు ఎక్కువ వడ్డించుకున్నరో వాళ్ల ప్లేటు అడుగున ఉన్న పువ్వు బొమ్మ గూడ కనబడేది. ఆదివారం చికెన్ అన్నది, కోడి ఆ గిన్నెలకెళ్లి నడిచి పోయినట్టుండె. ఇవన్నీ సహించిన. అడ్వాన్స్ మూడు వేలు కట్టిచ్చుకొని, ఐదు నెలలకు ఖాళీ చేస్తే “గోడకు పెయింటింగ్ ఖర్చు” అని పూర్తిగ పట్టుకున్నది. ఆ గోడ మీద నేను మేకు గూడ కొట్టలే. దానికి స్టార్లు ఇయ్యాల్నంటే ముందు నా మూడు వేలు ఇయ్యమను.

ఆ ఐదు నెలలల్ల నేను నిజంగ ఉన్నది హాస్టల్ల కాదు. పొద్దుగాల ఏడింటికి బయటపడి, మెట్లు, వరండా, లైబ్రరీ, చెట్టు, మల్ల మెట్లు. రాత్రికి పడుకునేతందుకు మాత్రమే పోయేదాన్ని. ఒక్క దినం గూడ ఎవ్వరు వచ్చి “ఏం పని ఇక్కడ?” అని అడగలే. నా గడప యాదికొచ్చేది.

తర్వాత మలక్‌పేటల మా పెద్దమ్మ ఇంటికి మారిన. మలక్‌పేట నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు. కాచిగూడ, విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజ్. చూసినవా, యూనివర్సిటీ పేరు మీద ఒకటి, కాలేజీ పేరు మీద ఒకటి, వరుసగ రెండు స్టేషన్లు. టికెట్ అప్పట్ల ఐదు రూపాయలు. టైం చూసుకొని పోవాలె, ఒక్క రైలు తప్పిందంటే ప్లాట్‌ఫాం మీద ఇంకో చాప్టర్ అయిపోతది. నేను అట్లనే మొగల్ పాలన మొత్తం మలక్‌పేట స్టేషన్ల చదివిన. దిగినంక నడక. క్యాంపస్ వెయ్యి ఎకరాలకు పైనే ఉన్నది, ఏడికి పోవాల్నన్న నడకే. 2017 నవంబర్ల మెట్రో వచ్చినంక తార్నాక స్టేషన్ దగ్గరైంది, కాని నా జేబుకు ఐదు రూపాయల రైలే దగ్గర. నీకు ఆ బాధ లేదు, 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ ఫ్రీ. ఆధార్ కార్డు సంచిల పెట్టుకో, చాలు.

మేము ఉన్నప్పుడే నూరేండ్ల పండుగ వచ్చింది. 2017 ఏప్రిల్ 26న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ వచ్చి మొదలుపెట్టిండు. బిల్డింగు మొత్తానికి దీపాలు. పట్నం పట్నమే చూసేతందుకు వచ్చింది. ఆ మూడు దినాలు మాకు మెట్ల మీద జాగ దొరకలే. చంకల పిల్లను పెట్టుకొని వచ్చిన ఒకామె నన్ను “జర జరుగమ్మా, ఫోటో” అన్నది. నా ఇంట్ల నన్నే జరుగుమన్నట్టు అనిపిచ్చింది, జరిగిన.

ఇగ రాజకీయం అడుగుతవు, చిన్నమ్మ అడిగిపిచ్చి ఉంటది. ఉంటది. ఎప్పుడూ ఉన్నది. 1938ల హాస్టళ్లల్ల వందేమాతరం పాడినందుకు పిల్లలను పంపేస్తే నాగపూర్ పోయి చదువుకున్నరు, పి.వి. నరసింహారావు గూడ అట్ల నాగపూర్ పోయినోడే. 1969 తెలంగాణ ఉద్యమం ఇక్కడికెళ్లే, 2009ది ఇక్కడికెళ్లే. వారంల ఒక దినమన్న మెట్ల కాడ మైకు పెడతరు. వినాలనిపిస్తే ఆగు, లేకుంటే పక్కకెళ్లి పో. నేను సగం ఉపన్యాసాలు విన్న, సగం సార్లు లైబ్రరీకి పోయిన, రెండూ పాఠాలే అయినయ్. బతుకమ్మ పండుగకు మాత్రం ఏ గుంపు లేదు. అన్ని సంఘాల ఆడపిల్లలం ఒక్క కాడ తంగేడు, గునుగు పేర్చి ఆ కమాను ముంగట ఆడినం. చప్పట్లు కొడితే వెనుక రాతి గోడ నుంచి మల్లొక చప్పట్ల గుంపు వినబడ్డట్టుండె.

స్టార్లు అడిగినవు గదా. బిల్డింగుకు తాత ఇచ్చేసిండు. చదువుకు నువ్వు ఇచ్చుకోవాలె. తిండికి మూడు. నడకకు కాళ్లు ఒప్పుకుంటే నాలుగు. కూసునేతందుకు జాగకు ఐదు, ఇంక ఎక్కువ ఇయ్యనిస్తే అవి గూడ.

పోయిన వారం చెల్లెను నేనే తోల్కపోయి చూపిచ్చిన. అడ్మిషన్ కాగితాలకు ఒరిజినల్సు, రెండేసి జిరాక్సులు, ఆరు ఫోటోలు, గొడుగు, నీళ్ల సీస, దస్తీ. లిస్టు నేనే రాసిచ్చిన. కులం సర్టిఫికెట్ నా సంచిల పెట్టుకొని పోయిన, దాని మీద నాకు నమ్మకం లేక. క్యాంపస్ హాస్టల్ దరఖాస్తు అదే దినం పెట్టిచ్చిన. సీటు అయ్యేదాక ఒక నెల బయట ఉండాలె. గోడ కాడికి తీస్కపోయి, తాత చూపిచ్చిన ఎడమచేతి వాటం బండ ఏదో కనుక్కొమ్మన్న. నాలుగు బండలు తడిమి తప్పు బండ చూపిచ్చింది. నేను గూడ తప్పే అనుకుంటున్న, ఖచ్చితంగ చెప్పే మనిషి మొన్న సంక్రాంతికి ముందే పోయిండు.

ఎండ ఇంక దిగలే, మెట్లు వెచ్చగ ఉండె. చెల్లె నోట్‌బుక్ వేసుకొని కూసొని ఫోన్ తీసింది. ఫోటో దిగుతదేమో అనుకున్న. ఏదో హాస్టల్‌కు వాయిస్ మెసేజ్ పెడుతున్నది: “ఆంటీ, అడ్వాన్స్ ఎంత? ఖాళీ చేసినంక మొత్తం వాపస్ ఇస్తరా? పెయింటింగ్ ఖర్చు ఎవరిది?”